మందుల కిటికీకి ఇవతలి వైపు

బైపీసీ చదివిన పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మెడిసిన్ రాకపోతే ఫార్మసీ తీసుకోవచ్చా?" జవాబు చెప్పే ముందు నేను "రాకపోతే" అన్న మాట దగ్గర ఆగుతాను. నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేసి 2014లో రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు శంషాబాద్ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. నా పేరు ఎస్తేరు. ఆ పేరు జీతం కాగితాల మీదే ఉండేది. కిటికీ దగ్గర అందరికీ నేను కాంపౌండరమ్మను. నాకంటే మూడేళ్లు పెద్దదైన మా అక్క రూతు డాక్టరు. అక్క ఇప్పుడు లేదు. ఆమెను తలుచుకోకుండా ఈ రెండు చదువుల సంగతి చెప్పటం నాకు చేతకాదు.

బదిలీలు, ప్రమోషన్లు, రిజిస్టర్లు ఇక్కడ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకలాగే ఉంటాయి.

ఒకే ఇంట్లో

మాది కొత్వాల్‌గూడ. నాన్న వ్యవసాయం చేసేవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు. అక్కకు మెడికల్ సీటు వచ్చింది. మూడేళ్ల తర్వాత నాకు కొద్దిలో తప్పిపోయింది. ఇంకోసారి ప్రయత్నించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. ఫార్మసీ డిప్లొమాలో చేరాను.

ఇంటికి ఎవరైనా వస్తే నాన్న మమ్మల్ని పరిచయం చేసేవాడు. "పెద్దది డాక్టరు." ఒక క్షణం ఆగేవాడు. "చిన్నది గూడ దవాఖానలనే చేస్తది."

ఆయన మమ్మల్ని సమానంగానే చూశాడు. ఆ క్షణం ఆగటం మాత్రం ఆయనకు తెలియకుండా జరిగేది. అది నాకు తెలిసేది. చాలా ఏళ్ల తర్వాత నా గురించి నేను చెప్పుకునేటప్పుడు కూడా అక్కడే ఆగటం గమనించాను.

మొయినుద్దీన్ సాబ్

నా మొదటి పై అధికారి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి మందుల స్టోర్ చూసే మొయినుద్దీన్ సాబ్. తెల్ల గడ్డం, చెవి వెనక పెన్సిల్. ఆయన నియమం ఒకటే. లేబుల్ మూడుసార్లు చదవాలి: అరలోంచి తీసేటప్పుడు, మందు పోసేటప్పుడు, సీసా తిరిగి పెట్టేటప్పుడు. నాకు అది ముసలాయన చాదస్తంలా కనిపించేది. ఏ మందు ఏ అరలో ఉందో ఆరు నెలల్లో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాను. దానికి గర్వపడ్డాను కూడా.

ఒకరోజు నేను ఒక సీసా తీసి మూత తిప్పుతుండగా ఆయన నా చేతి మీద తన చెయ్యి పెట్టాడు.

"బేటీ, సీసా చూసినవా, సీసా ఉన్న జాగ చూసినవా?"

"జాగే చూసిన సాబ్. ఎప్పుడు గీడనే ఉంటది గద."

"జాగ మందు కాదు. చదువు."

చదివాను. అది వేరే మందు. అర తుడిచినవాళ్లు సీసాలు అటూ ఇటూ పెట్టారు. ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, నన్ను తిట్టలేదు. "ఇగ నీకు యాదికుంటది" అని పెన్సిల్ తీసి తన పని చూసుకున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు మొదట చెప్పాల్సింది ఇదే. మన తప్పుల్లో ఎక్కువ భాగం తెలియక చేసేవి కావు, అలవాటుతో చేసేవి. నేను ఇది నేర్చుకున్నాననే అనుకున్నాను.

కత్తెర

2008లో నన్ను శంషాబాద్ వైపు వేశారు. విమానాశ్రయం తెరిచిన ఏడు అది. ఆరాంఘర్ దాటితే రోడ్డంతా కొత్తగా ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో చెల్కలు, అంటే మెట్ట పొలాలు, పోయినవాళ్లకు కొత్త పనులు వచ్చాయి. సామాన్లు ఎత్తటం, ఊడవటం, కార్లు కడగటం, గేటు దగ్గర నిలబడటం. అంతకుముందు వానను బట్టి బతికినవాళ్లు డ్యూటీ చీటీని బట్టి బతకటం మొదలుపెట్టారు.

మా కేంద్రానికి వచ్చేవాళ్లలో చాలామందికి చదువు రాదు. మందుల కవరు మీద రాస్తే లాభం లేదు. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కత్తెరతో గోలీల పత్తా, అంటే స్ట్రిప్, మూల కోసి ఇచ్చేదాన్ని. ఒక గాటు అంటే పొద్దుగాల ఒకటి. రెండు గాట్లు అంటే పొద్దుగాల, రాత్రి. చేత్తో తడిమితే తెలుస్తుంది. ముసలివాళ్లు ఇష్టపడ్డారు. మా కేంద్రం డాక్టరమ్మ మెచ్చుకుంది. తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరు ఒక పత్తా పట్టుకుని వెలుతురుకు చూసి, "బాగుంది, మిగతా చోట్ల కూడా చెప్పాలి" అన్నాడు. కత్తెరను నల్లదారంతో కిటికీ చువ్వకు కట్టుకున్నాను.

ఆ కత్తెర రెండు పనులు చేస్తోందని నాకు రెండేళ్లు తెలియలేదు.

యాదయ్య

యాదయ్య విమానాశ్రయంలో సామాన్లు ఎత్తేవాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఆయన చెల్క కూడా విమానాశ్రయంలోకే పోయింది. "నా చెల్క మీదనే విమానం దిగుతదమ్మా. నేను గాడనే కూలికి పోత" అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో అడిగే చనువు నాకు లేదు. ఆయనకు ఒక్కతే కూతురు, స్వప్న. ఆ పిల్ల డాక్టర్ అవుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. ఎంసెట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ర్యాంకు రెండోసారి మెరుగైంది కానీ చాలలేదు.

ఆయనకు షుగర్ ఉందని తేలి మా డాక్టరమ్మ గోలి రాసింది. నేను మూల ఒక గాటు కోసి, "పొద్దుగాల ఒకటి, తినే ముందు" అని చెప్పి ఇచ్చాను. రోజుకు వంద మందికి చెప్పే మాట అది.

మూడు వారాల తర్వాత ఒక బుధవారం, పదకొండు గంటలప్పుడు, కిటికీ ముందు జనం ఉండగా స్వప్న వాళ్లను తోసుకుంటూ వచ్చింది. చెప్పులు లేవు. చేతిలో సగం అయిపోయిన పత్తా.

"మేడమ్, దీని పేరేంది?"

వరసలో ఉన్న ఒకామె, "మేమేమన్న చెట్లమా నిలబడనీకి?" అని గద్దించింది. స్వప్న ఆమె వైపు చూడనే లేదు. చెప్పింది విన్నాను. ఆ వారమే రాత్రి డ్యూటీకి మారిన బాపు పొద్దున దిగి వచ్చి, గోలి మింగి పండుకున్నాడు. పదిగంటలకు చూస్తే ఒళ్లంతా చెమట, లేపితే ఏదేదో మాట్లాడాడు, తర్వాత లేవలేదు. ఆటోలో శంషాబాద్‌లో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాడు.

"లేచిండు మేడమ్, మంచిగనే ఉన్నడు. గా డాక్టర్ సార్ గోలి పేరు అడుగుతుండు. అమ్మ సర్కారు దవాఖాన గోలి అంటది. గది పేరు కాదు గద. నేను జూస్తే పేరు ఉండాల్సిన తావుల గాటు ఉన్నది."

పత్తా తీసుకున్నాను. వెనక వైపు ముద్ర మొదలయ్యే మూలలో, అక్షరాల మీదుగా, ఒక గాటు. నా గాటు. మిగిలిన పత్తా మీద పేరు చివరి రెండు అక్షరాలే ఉన్నాయి. ఆ మందు మా దగ్గరదే కాబట్టి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. రాత్రంతా మేలుకుని ఇంటికొచ్చే మనిషికి పొద్దుగాల అంటే పండుకునే వేళ. ఆయన నేను చెప్పినట్టే మింగాడు. తినలేదు.

మా డాక్టరమ్మకు రెండు మాటల్లో చెప్పి, కిటికీ మూసి, స్వప్నతో పాటు ఆటో ఎక్కాను. పేరు చీటీ మీద రాసి పంపితే చాలదని నాకు తెలుసు. ఆ గోలి షుగర్‌ను గంటో రెండు గంటలో తగ్గించి ఊరుకునేది కాదు. దాని పని ఇంచుమించు రోజంతా ఉంటుంది. గ్లూకోజ్‌తో మనిషి లేస్తాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఇంటికి పోయి పండుకుంటే మళ్లీ పడిపోతాడు. అప్పుడు పండుకున్నాడులే అని ఎవరూ లేపరు.

మేము వెళ్లేసరికి యాదయ్య మంచం మీద కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆయన భార్య లక్ష్మమ్మ సంచి సర్దుతోంది. డాక్టరు చిన్నవాడు, కోస్తా వైపు మాట.

"పర్వాలేదండి, బాగానే ఉన్నాడు. ఇంకో అరగంట చూసి పంపించేస్తాను."

"పంపకండి సార్. ఇది గ్లిబెన్‌క్లమైడ్. మళ్లీ పడిపోతాడు."

"మీరెవరండి?"

"ఫార్మసిస్టును. ఈ మందు ఇచ్చింది నేనే."

ఆయన పత్తా తిప్పి చూశాడు. "పేరు ఎవరు కోసేశారండి?"

"నేనే."

ఆయన నర్సును పిలిచి వేలి చివర మళ్లీ పొడిపించాడు. షుగర్ అప్పటికే దిగటం మొదలైంది. అంకె చూసి, మీటర్ పక్కన పెట్టి, "సిస్టర్, ఈయన్ని రేపటిదాకా పంపొద్దు. గంటగంటకూ చూడండి" అన్నాడు. ఆ డాక్టర్ నాకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అన్న మాటను ఒక్క పరీక్ష చేసి చూసుకున్నాడు. మంచి డాక్టరంటే నా లెక్కలో అది.

యాదయ్య మాత్రం మంచం దిగబోయాడు. "నాకు డ్యూటీ ఉన్నది."

లక్ష్మమ్మ సంచి కింద పెట్టింది. "నువ్వు పోకుంటే విమానం ఎగరదా? రెక్కలు నీకున్నయా దానికున్నయా? పండుకో."

ఎవరిది తప్పు

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ రాత్రి యాదయ్యకు షుగర్ రెండుసార్లు పడిపోయిందని, రెండుసార్లూ నర్సు పట్టుకుందని చెప్పారు.

నేను నిలబడే చెప్పాను. "యాదయ్యా, తప్పు నాది."

ఆయనకు అర్థం కాలేదు. "నువ్వు పొద్దుగాల మింగుమన్నవ్. నేను పొద్దుగాల్నే మింగిన. గిండ్ల తప్పేమున్నదమ్మా?"

"తినే ముందు అన్న గద. మరి తిన్నవా?"

"డ్యూటీ దిగొచ్చి ఎవడు తింటడు? పండుకొని లేచినంక తింట. అయినా తినే ముందే మింగిన గద!"

ఆయన చెప్పింది నిజమే. ఆరేడు గంటల ముందు మింగినా తినే ముందే.

మంచం పక్కన ఉన్న స్వప్న మెల్లగా అంది. "బాపు డ్యూటీ ఎప్పుడని మీరు అడగలే గద మేడమ్."

లక్ష్మమ్మ కూతురి చెయ్యి గిల్లింది. "పెద్దామెతోని గట్లనేనా మాట్లాడేది?"

"అడిగిన గంతే. తిట్టలే."

"అననియ్యి లక్ష్మమ్మా. సరిగ్గానే అన్నది" అన్నాను. అలా అనటం నాకు తేలిక కాలేదు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

కత్తెర దారం విప్పి సొరుగులో పెట్టాను. ఆ నెలంతా కిటికీ దగ్గరకు వచ్చిన ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడిగాను. నిద్ర లేచేదెప్పుడు? మొదటి ముద్ద తినేదెప్పుడు? వరస ఆలస్యమైంది, జనం విసుక్కున్నారు. ఒక ముసలాయన "గోలి అడిగితె జాతకం అడుగుతది కాంపౌండరమ్మ" అన్నాడు. కానీ తుక్కుగూడ వైపు నుంచి వచ్చే డ్రైవర్లు, గేట్ల దగ్గర కాపలా వాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు చెప్పిన వేళలన్నీ రాసుకున్నాను. వారంలో మూడు రకాల డ్యూటీలు చేసేవాళ్లు ఉన్నారు. డాక్టరమ్మ ముందు ఆ వివరాలు పెట్టాను. ఆమె కొందరికి మందే మార్చింది, కొందరికి వేళ మార్చింది. అప్పటి నుంచి నేను సూర్యుణ్ని బట్టి చెప్పటం మానేశాను. "లేచినంక, మొదటి ముద్దకు కూర్చున్నప్పుడు" అని చెప్పాను. చదువు రానివాళ్లకు కవరు మీద కంచం బొమ్మ వేసి ఇచ్చాను. బొమ్మ బాగా వచ్చేది కాదు. "ఇది చందమామనా?" అని అడిగేవాళ్లు. అడిగితే మంచిదే. ఇంకోసారి చెప్పే వీలు దొరికేది.

అక్క ముందు కూర్చుని

అదే ఏడు అక్క జబ్బుపడింది. మహబూబ్‌నగర్‌లో ప్రసూతి డాక్టరుగా పాతికేళ్లు చేసిన మనిషి, క్యాన్సర్ మందులు మొదలయ్యాక నా ఇంటికి వచ్చి ఉంది. తలకు ఓణీ చుట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో పుస్తకం పెట్టుకుని కూర్చునేది. ఇద్దరం ఒకే పుస్తకాన్ని వంతులవారీగా చదివేవాళ్లం. ఆమె ఎప్పుడూ నాకంటే ముందు ముగించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం యాదయ్య కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ వారంలోనే కౌన్సెలింగ్. స్వప్న ర్యాంకుకు ఫార్మ్‌డీ అనే ఆరేళ్ల కోర్సులో సీటు వచ్చేలా ఉంది. ఆ కోర్సు అప్పటికి కొత్త. యాదయ్యకు ఆ పేరే నోరు తిరగలేదు. ఆయనకు కావలసింది మూడోసారి రాయటానికి లాంగ్ టర్మ్ కోచింగ్. స్వప్న ఏమీ తేల్చుకోలేకపోతోంది. సీటు వదిలేస్తే ఇంకో ఏడు పోతుంది, అది కూడా ఫలించకపోతే ఆ పిల్ల మళ్లీ పుస్తకం పట్టేలా లేదు. తీసుకుంటే బాపు ఊళ్లో తలెత్తుకోలేనంటున్నాడు.

"డాక్టరమ్మా, నువ్వు చెప్తే ఇంటది. ఇంకోపారి రాయమను" అన్నాడు యాదయ్య.

అక్క పుస్తకం మూసింది. "ఏంది బిడ్డా, డాక్టర్ ఎందుకు గావాలె?"

"బాపుకు ఇష్టం."

"బాపు ఎంసెట్ రాయలే గద. నీకు?"

జవాబు కోసం అక్క ఆగలేదు. "నేనొకటి చెప్త ఇను. నా చేతులల్ల ఒక బాలింత పోయింది. ఇరవై ఏండ్లయింది. ఆమె పేరు ఇంక యాదికున్నది. గట్ల పేరు యాదికి పెట్టుకొని తెల్లారి మళ్ల డ్యూటీకి పోవాలె. అయితదా నీతోని?"

"తెల్వదు మేడమ్."

"తెల్వదన్నవ్ సూడు, మంచిగన్నవ్. అయితదని టక్కున అన్నోళ్లను నేను నమ్మ."

తర్వాత అక్క యాదయ్యతో మాటల్లో పడింది. చెల్క గురించి, కొత్వాల్‌గూడలో మా నాన్న వేసిన జొన్న గురించి. నేను చాయ్ పెట్టటానికి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి స్వప్న టీపాయ్ మీద ఉన్న అక్క మందుల సంచుల దగ్గర కూర్చుని ఉంది. ఒక పెట్టె కుడిచేతిలో, ఇంకో పెట్టె ఎడమచేతిలో.

"మేడమ్, ఈ రెండింటికి పైన పేర్లు వేరే. కింద సన్నగ రాసిన పేరు ఒకటే ఉన్నది. రెండు మింగాల్నా?"

చాయ్ గ్లాసులు పెట్టి చూశాను. వాంతులు ఆగటానికి ఇచ్చిన మందు. ఒకటి వైద్యం చేస్తున్న ఆసుపత్రిది, రెండోది అక్క స్నేహితురాలైన డాక్టరు రాసింది. రెండు కంపెనీలు, రెండు రంగులు, ఒకే మందు. రెండో సంచి ముందురోజే వచ్చింది, నేను ఇంకా విప్పి సర్దలేదు. ఇప్పుడు ఆ మాట అంటే సంజాయిషీలా ఉంటుంది. అక్క ముందురోజు రాత్రి, ఆ పొద్దున కూడా రెండూ మింగింది. రాత్రి నుంచి తల తిరుగుతోందని, మత్తుగా ఉందని అంటోంది. జబ్బు ముదిరిందని ఇద్దరం లోలోపల భయపడ్డాం.

అక్క ముందు విస్తుపోయింది, తర్వాత చాలా రోజులకు గట్టిగా నవ్వింది. "రాసినోళ్లు ఇద్దరు డాక్టర్లు. మింగింది ఇంకో డాక్టరు. ముగ్గురిల ఒక్కరం కింది అక్షరాలు సదవలే. యాదయ్యా, నీ బిడ్డ సదివింది."

"మరి డాక్టర్ అయితె మంచిదే గద అమ్మా" అన్నాడు యాదయ్య, పట్టు వదలకుండా.

"నేను వద్దన్ననా? రాస్తనంటే రాయని. కానీ నువ్వు చెప్పు బిడ్డా, మొన్న మీ బాపు పడ్డ దినం నర్సింగ్ హోంల నువ్వేం జూసినవ్?"

స్వప్న చేతిలో పెట్టెలు పక్కన పెట్టింది. "డాక్టర్ సార్ సూది ఏస్తుంటె నేను జూడలే మేడమ్. నాకు పత్తా మీదనే పాణం కొట్టుకున్నది. పేరు యాడ పోయిందని."

అక్క తల ఊపింది. "గదే. ఇగ నువ్వు ఏది తీసుకున్నా ఒకటి మాత్రం చెయ్యకు. ఫార్మసీల చేరితే ఓడిపోయి చేరినట్టు చేరకు. మా చెల్లె ముప్పయ్యేండ్లు గట్లనే చేసింది. దానంత బాగ మందు తెలిసినోళ్లను నేను సూడలే. ఎన్ని సార్లు ఫోన్ చేసి అడిగిన్నో దానికి లెక్కలేదు. అయినా ఎవరన్న ఏం చేస్తవ్ అంటే, జర ఆగి చెప్తది."

ఆ గదిలో నేను ఉన్నాను. అక్క నా వైపు చూడకుండానే ఆ మాట అంది. ఆమెకు తెలుసని నాకు తెలియదు. నా చేతిలో ఖాళీ ట్రే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

స్వప్న ఆ వారం ఫార్మ్‌డీ సీటు తీసుకుంది. యాదయ్య నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఐదో రోజు కాలేజీ ఎక్కడుందో చూసొస్తానని తనే బస్సెక్కాడు.

అక్క ఆ చలికాలంలో పోయింది. చివరి వారాల్లో ఏ గోలి ఇచ్చినా "నువ్వు చూసినవా?" అని అడిగేది. చూశానంటేనే మింగేది. నా ఉద్యోగంలో నాకు దొరికిన సర్టిఫికెట్ అది ఒక్కటే అనుకుంటాను. పోయిన తర్వాత చాలా నెలలు, కొత్త మందు ఏదైనా సరఫరాకు వస్తే ఆమెకు ఫోన్ చెయ్యాలని చెయ్యి పోయేది. ఇప్పటికీ అప్పుడప్పుడు పోతుంది.

అడిగేవాళ్లకు

ఈ రెండింటిలో ఏది గొప్పదని నన్ను అడగకండి. రెండూ వేరే పనులు. డాక్టరు మనిషిని చూసి నిర్ణయం తీసుకుంటాడు, ఆ నిర్ణయాన్ని మోసుకుని ఇంటికి పోతాడు. ఆ బరువు మోయగలిగినవాళ్లు తప్పకుండా ఆ దారిలోనే పోవాలి, ఇంకోసారి రాయాల్సి వచ్చినా. మన పని ఆ నిర్ణయం కాగితం దాటి ఆ మనిషి ఇంటికి, వంటగదికి, డ్యూటీకి చేరేదాకా చూడటం. అక్కడ చెడిపోయేవి చాలా ఉన్నాయి. వాటిని చూసే మనుషులు తక్కువ.

కొన్ని మాటలు నిక్కచ్చిగా చెప్పాలి. సర్టిఫికెట్‌ను మందుల దుకాణానికి కిరాయికిచ్చి ఇంట్లో కూర్చునేవాళ్లు మనలో ఉన్నారు. ఆ పని చేసేటట్టయితే ఈ చదువు చదవకండి. గోడ మీద మీ ఫొటో వేలాడుతుంటే, ఏమీ చదవనివాడు మీ పేరు మీద మందు ఇస్తుంటాడు. ఇంకొకటి, ఊళ్లలో జనం మనల్ని డాక్టరు చెయ్యాలని చూస్తారు. "నువ్వే ఓ సూది వెయ్యరాదమ్మా, అంతదూరం ఎవరు పోతరు?" అని బతిమాలతారు. నన్నూ బతిమాలారు. డాక్టర్ కాలేకపోయానన్న బాధ లోపల ఉన్నవాళ్లకు ఆ మాట తియ్యగా ఉంటుంది. అక్కడే జాగ్రత్త. నేను ఒకటి రెండుసార్లు తడబడ్డాను. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి అది సరైనదైపోదు.

మీకు ఎవరూ దండాలు పెట్టరు. బతికినవాళ్లు డాక్టరు పేరు చెప్పుకుంటారు, మీ పేరు అడగనే అడగరు. రోజంతా నిలబడతారు, కాళ్లు ఉబ్బుతాయి. ఇవన్నీ తెలిసి రండి. తెలిసి వస్తే ఈ పని మిమ్మల్ని చిన్నబుచ్చదు.

ఆఖరి నెల

నా రిటైర్మెంటుకు నెల ముందు స్వప్న మా కేంద్రానికి వచ్చింది. అప్పటికి ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్లతో తిరుగుతూ మందులు చూసే ఏడు. సెలవు రోజులు రెండు నాతో కూర్చుంటానంది. యాదయ్యే మోటర్ సైకిల్ మీద దింపాడు. ఆ చదువు అయిపోతే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చని ఎవరో చెప్పారట. వరసలో ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి చెబుతున్నాడు.

"బాపూ, నేను గా డాక్టర్ కాదు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"రాసుకోవచ్చంటరు గద. రాసుకోవచ్చంటే ఇగ పంచాది ఏంది?"

"నీకు షుగర్ గోలి ఎప్పుడు మింగాల్నో నేనే చెప్తున్న గద, గంతే చాలు. పో, డ్యూటీకి టైమైతుంది."

ఆయన నవ్వుతూ పోయాడు. స్వప్న నా పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంది. ఆ రోజు జనం ఎక్కువ. నేను ఇస్తున్నాను, ఆ పిల్ల చూస్తోంది. నీలం చీర యూనిఫాంలో ఒక ఆడమనిషి వచ్చింది. విమానాశ్రయంలో ఊడుస్తుంది. షుగర్ అని కొత్తగా తేలింది. చీటీ చదివాను, గోలి తీశాను, మళ్లీ చదివాను. మొయినుద్దీన్ సాబ్ చెప్పినట్టే. కవరు మీద రాసి ఇచ్చి తర్వాతి చీటీ అందుకున్నాను.

"అక్కా, జర ఆగు" అంది స్వప్న. "నీది ఏ డ్యూటీ?"

"గోలీలకు డ్యూటీ ఏందమ్మా?"

"నువ్వు పండుకునేదెప్పుడు?"

"గిదేం అడుగుడు?" ఆమె నవ్వి, అలసటగా చెప్పింది. "ఈ నెలంత రాత్రిది. పొద్దుగాల వచ్చి పండుకుంట. మధ్యాహ్నం దాటినంక లేస్త, వండుకొని తింట."

స్వప్న కిటికీలోంచి చెయ్యి చాపి కవరు వెనక్కి తీసుకుంది. నేను అప్పుడు చూశాను. కవరు మీద నా చేతిరాతలో "పొద్దున ఒకటి" అని ఉంది. నాలుగేళ్లుగా అందరినీ అడుగుతూ వచ్చినదాన్ని, జనం ఎక్కువైన ఒక పూట నా చెయ్యి పాత దారినే పోయింది.

ఆ పిల్ల నా చేతిలో పెన్ను తీసుకుని, ఆ మాట కొట్టేసి, కింద చిన్న కంచం బొమ్మ వేసింది. నాకంటే గుండ్రంగా వేసింది. "లేచినంక, మొదటి ముద్ద ముంగట పెట్టుకున్నప్పుడు మింగు. మింగినంక తినకుండ పండుకోకు. యాది ఉంటదా అక్కా?" ఆమెతో తిరిగి చెప్పించుకుని గానీ కవరు ఇవ్వలేదు.

వరసలో తర్వాతి మనిషి చీటీ లోపలికి చాపాడు. నేను లేచి, కిటికీకి ఎదురుగా ఉన్న నా కుర్చీ స్వప్నకు ఇచ్చి, ఆమె స్టూల్ మీద కూర్చున్నాను.